పూతరేకుల పాకకు కాలేజీవారు ఫోన్ చేసిన సంగతి

రండి, ఇలా దగ్గరికి జరగండి. ఆ పీట లాక్కుని కూర్చోండి. గోడకు మాత్రం ఆనుకోకండి, నిన్ననే సున్నం కొట్టాం, వీపుకు అంటుకుంటుంది. నేను చెప్పబోయేది ఒక పిల్ల చదువు సంగతి. చేతిలో కూర తరిగే పనుంటే తరుక్కుంటూనే వినండి, తప్పులేదు. మధ్యలో లేచి వెళ్ళిపోకండి, అంతే.

నేను మూడో తరగతితో బడి మానేశాను. బస్సు మీద ఊరి పేరు చదవగలను, సంతకం పెట్టగలను. అదీ కూడబలుక్కుంటూనే. కానీ కంటితో చూసింది, చెవితో విన్నది నాకు మరుపు రాదు. ఏ పెళ్ళిలో ఎవరు ఏ చీర కట్టుకుని ఏ మాట అన్నారో ఇప్పుడడిగినా చెబుతాను.

మా ఊరు ఆత్రేయపురానికి బాగా దగ్గర. ఇక్కడ ఆడవాళ్ళకు పూతరేకుల పని. ఎరగనివాళ్ళకు చెబుతాను. కుండను పొయ్యి మీద బోర్లించి కింద ఎండు కొబ్బరి మట్టలతో మంట పెడతాం. బియ్యం నానబెట్టి రుబ్బి, పాలలా పలచగా చేసుకున్న పిండిలో గుడ్డ ముంచి, ఆ కుండ వీపు మీద ఒక్కసారి పరిచి లాగితే ఉల్లిపొరలాంటి రేకు నిలుస్తుంది. అందులో పంచదార పొడి, నెయ్యి వేసి మడిస్తే పూతరేకు. మా పెరట్లో తాటాకు పాకలో ఆరుగురం ఈ పని చేస్తాం. పాక నాది, కుండలు నావి. అందుకని పెత్తనమూ నాదే.

ఆ పిల్ల మా వీధి చివరి ఇంటి పిల్ల. తండ్రి గుమస్తా. రామచంద్రపురంలో బీకాం పూర్తిచేసి, ఏదో ఒక ఉద్యోగం దొరికేలోపు పెట్టెలు కట్టి పెడతానండీ అని వచ్చింది. రెండు నెలలు అనుకున్నది మూడేళ్ళు ఉంది. మాకూ వాళ్ళకూ ఏ వరసా లేదు, అయినా నన్ను పిన్నిగారూ అనేది. ఫోనులో ఆర్డర్లు చూడడం, పెట్టె మీద కాగితం అంటించడం, కొరియరువాడితో తగువు పెట్టుకోవడం, అన్నీ ఆ పిల్లే చూసుకునేది.

ఒక పొద్దున పెట్టెలకు దారం కడుతూ, తల ఎత్తకుండా, "పిన్నిగారూ, నేను ఎంబీఏకి అప్లై చేస్తున్నానండి" అంది.

"అంటే ఏం నేర్పుతారమ్మా?"

"వ్యాపారం ఎలా చెయ్యాలో నేర్పుతారండి."

మా పెద్దత్త, అంటే మా అత్తగారి అక్క, డెబ్బై దాటిన మనిషి, పాకలో రేకులు మడిచేది ఆవిడే. ఆవిడ ఊరుకుంటుందా. "వ్యాపారం నేర్చుకోవడానికి కాలేజీ ఎందుకే? నాలుగు వారాలు సంతలో కూర్చోబెడితే రాదూ?"

"వస్తుంది మామ్మగారూ. కానీ సంతవాళ్ళు సర్టిఫికెట్ ఇవ్వరు కదండీ."

"ఇదిగో, ఇలాంటి నోరుంటే కాలేజీవాళ్ళే నీ దగ్గర నేర్చుకుంటారు" అంది పెద్దత్త.

నేను నవ్వాను గానీ, ఆ రోజు నుంచి చూసినవన్నీ నాకు వింతే. మొదట కాకినాడలో పరీక్ష. తోడుగా నేనే వెళ్ళాను. గేటు దగ్గర చెవి రింగులు తీయించారు, తల పిన్ను తీయించారు, కంటి ముందు ఏదో పెట్టి ఫోటో తీశారు. గుడిలో గర్భాలయానికి కూడా ఇన్ని ఆంక్షలు లేవు. లోపల కాగితమూ కలమూ కాదట, కంప్యూటరు ముందు కూర్చుని గడియారం పరిగెడుతుంటే జవాబులు నొక్కాలట. బయట వేప చెట్టు కింద తోడొచ్చినవాళ్ళం అందరం కూర్చున్నాం. ఆస్పత్రిలో ఆపరేషను గది బయట కూర్చున్నట్టు కూర్చున్నాం. పిల్ల బయటికొచ్చి, "ఆకలేస్తోందండి" అంది. అంతే. నాలుగు ఇడ్లీలు తిని, ఇంకో రెండు పెట్టించుకుంది.

మార్కులు బాగానే వచ్చాయి. నాలుగైదు కాలేజీలకు పెడితే ఒక్క కాలేజీవారు ముందుకు రమ్మన్నారు. ఆ ఒక్కటే ఆధారం. తండ్రి ఈ ఏడాదికే గడువిచ్చాడు. ఇది కాకపోతే బ్యాంకు పరీక్షల కోచింగులో చేరాలని ముందే మాట తీసుకున్నాడు. ఆ పిల్ల మాట ఇస్తే తప్పదు.

ఆ కాలేజీవారి ఫారం చదివి వినిపించింది ఒకరోజు. అందులో ఒక ప్రశ్న ఇది: మీరు ఓడిపోయిన సందర్భం ఒకటి రాయండి. నేను పిండిలో ముంచిన గుడ్డ అలాగే పట్టుకుని ఉండిపోయాను. నా ఎరుకలో ఎవరైనా గెలిచిన సంగతే అడుగుతారు. ఓటమి చెప్పమని అడిగి దాన్ని బట్టి సీటిచ్చే మనుషులు ఈ లోకంలో ఉన్నారని నాకు తెలియదు. ఎలాంటివాళ్ళో వాళ్ళు, ఎంత ఆలోచించి ఉంటారో అనిపించింది.

దానికంటే వింత ఆ తర్వాత. "ఇద్దరు నా గురించి చెప్పాలండి. ఒకరు చదువు చెప్పినవాళ్ళు. రెండోవారు, నేను ఎవరి కింద పని చేశానో వాళ్ళు."

"నువ్వు ఎవరి కింద పని చేశావు?"

"మీ కిందేనండి."

నేను చేతులు చూసుకున్నాను. మసి. మూడో తరగతి చదివిన మనిషిని పట్టుకుని, ఈ పిల్లకు పెద్ద చదువు ఇవ్వచ్చా అని ఎక్కడో ఉన్న కాలేజీవారు అడుగుతారంట. నాకు ఇంగ్లీషు రాదని ఈ పిల్ల వాళ్ళకు రాస్తే, తెలుగు వచ్చినవాళ్ళతో ఫోను చేయిస్తాం, ఫలానా రోజు పదకొండింటికి సిద్ధంగా ఉండమనండి అని జవాబిచ్చారు.

ఆ రోజు తలంటుకుని ఇస్త్రీ చీర కట్టుకున్నాను. ఫోనులో కనపడనని తెలుసు, అయినా మనసొప్పలేదు. పిల్ల అక్కడ ఉండలేదు. "నేను వినకూడదండి, అది వాళ్ళ పద్ధతి" అని కాలవ గట్టు దాకా వెళ్ళిపోయింది. నేను వంటింటి గడప మీద కూర్చున్నాను.

ఆడగొంతు. మన వైపు యాస కాదు గానీ చక్కని తెలుగు. "అమ్మా, ఆ అమ్మాయి మీ దగ్గర మూడేళ్ళు పనిచేసింది కదా. ఎలాంటి మనిషండీ?"

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. మన పిల్లను పైవాళ్ళు పొగిడితే ఒప్పుకోకూడదు. మనం అసలే పొగడకూడదు. దిష్టి. పెళ్ళివారు వచ్చి పిల్లకు వంటొచ్చా అంటే, పాతికమందికి వండి వడ్డించే పిల్లనైనా, ఏదో అన్నం ఉడికించడం వచ్చండి అంటాం. వాళ్ళూ ఆ మాట నమ్మరు. నవ్వుకుంటూ బయటికెళ్ళి, పక్కింటివాళ్ళను అడిగి అసలు సంగతి తెలుసుకుంటారు. తగ్గించి చెప్పడం మన వంతు, పక్కింట్లో అడగడం వాళ్ళ వంతు.

నేను అలాగే చెప్పాను. "ఏముందండి, మామూలు పిల్లే. ఏదో నేర్చుకుంటోంది."

"తోటివాళ్ళతో ఎలా ఉంటుంది?"

"నోరు కాస్త ఎక్కువేనండి."

"ఆమె చేసిన పనుల్లో చెప్పుకోదగ్గది ఏదైనా?"

"చెప్పుకునేంత ఏం లేదండి. అందరం చేసేదే తనూ చేస్తుంది."

ఆవిడ, "సరేనమ్మా, సంతోషం" అని పెట్టేసింది. ఇంత పెద్ద కాలేజీవారితో ఎంత మర్యాదగా మాట్లాడానో అని పొంగిపోతూ పాకలోకి వచ్చి, ఏం చెప్పానో పెద్దత్తకు వినిపించాను.

పెద్దత్త చేతిలోని రేకు కింద పెట్టింది. "ఒసేయ్ కోడలా, పెళ్ళిచూపులకు చెప్పినట్టు చెప్పావా?"

"మరి ఎలా చెబుతారు?"

"ఆవిడెక్కడో ఉంది. ఆవిడకు మన పక్కింటివాళ్ళు ఎవరున్నారే, అడగడానికి?"

అప్పుడు నాకు తెలిసింది. పిండి గిన్నె పక్కన కూలబడ్డాను.

పిల్ల గట్టు మీద నుంచి వచ్చింది. "మాట్లాడారా అండీ?" అంది. పెద్దత్త ముఖమూ నా ముఖమూ చూసింది. నేను, "నీకు దిష్టి తగలకుండా మాట్లాడానమ్మా" అన్నాను. ఆ ఒక్క మాటతో ఆ పిల్లకు అంతా అర్థమైపోయింది. మా పద్ధతీ తెలుసు, కాలేజీవారి పద్ధతీ తెలుసు. ఆ రెండూ తెలిసిన మనిషి మా పాకలో తనొక్కతే.

"మళ్ళీ ఫోను చేసి చెప్పనా?"

"నేను చెయ్యమంటే, నేను చెప్పించినట్టు అవుతుందండి. వద్దులెండి." దారం ఉండ తీసుకుని పెట్టెలు కట్టడానికి కూర్చుంది. తిట్టలేదు, ఏడవలేదు. ఆ రోజు కట్టిన ముళ్ళు మాత్రం ఎంత గట్టిగా బిగించిందంటే, ఒక పెట్టె తాడు కత్తితో కోయాల్సి వచ్చింది.

మర్నాడు పిల్ల ఇంకా రాకముందే, నా ఫోనులో ముందురోజు వచ్చిన నంబరు వెతికి నొక్కాను. ఆవిడే ఎత్తింది.

"నిన్న మాట్లాడిన పూతరేకులావిడనండి. నిన్న చెప్పింది కొట్టేసి మళ్ళీ రాసుకోవాలండి."

"ఆ అమ్మాయి చెప్పమందా?"

"లేదండి. వద్దంది. ఇప్పుడిక్కడ లేదు కూడా."

ఆవిడ అడిగింది. "నిన్న చెప్పింది అబద్ధమా అమ్మా, ఇప్పుడు చెప్పబోయేది అబద్ధమా?"

నా జన్మలో నన్నెవరూ ఇంత సూటి ప్రశ్న అడగలేదు. "రెండూ కాదండి. నిన్న చెప్పింది మర్యాదండి" అన్నాను.

ఆవిడ నవ్వింది. "మా అమ్మమ్మ కూడా ఇలాగే మాట్లాడేది. కానీ ఇక్కడ కూర్చునేవాళ్ళకు ఆ మర్యాద తెలియదు. మీ అదృష్టం, మీరు చెప్పింది రాసి ఇంకా పైకి పంపలేదు. ఒక పని చెయ్యండి. పొగడకండి, తగ్గించకండి. మీ కళ్ళతో చూసింది ఒక్కటి చెప్పండి, చాలు."

చూసింది చెప్పడమంటే నాకేం కష్టం? నాలుక మీదికి ముందుగా వచ్చింది ఒక శ్రావణమాసం సంగతే. వచ్చి అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే అది చెబితే నా తప్పు కూడా చెప్పాలి. ముందురోజు దిష్టి దిష్టి అన్నాను గానీ, ఆ సంగతి కప్పిపెట్టుకోవడానికి కూడా దిష్టి బాగానే పనికొచ్చిందని అప్పుడు తెలిసింది.

"చెప్పండమ్మా, ఉన్నాను" అంది ఆవిడ.

చెప్పాను. రెండేళ్ళ కిందటి శ్రావణం. రామచంద్రపురంలో పెళ్ళికి పెద్ద ఆర్డరు ఒప్పుకున్నాం. నాలుగు రోజులు వాన వదల్లేదు. కొబ్బరి మట్టలన్నీ తడిసిపోయాయి. తడి మట్ట మండదు, పొగ చిమ్ముతుంది. ఎలాగో రేకులు తీశాం, మడిచాం, పెట్టెల్లో సర్దాం. ఆటో వచ్చి గుమ్మంలో నిలబడింది. అప్పుడీ పిల్ల అడుగునున్న పెట్టె ఒకటి విప్పి పూతరేకు నోట్లో వేసుకుంది. "పిన్నిగారూ, పొగ వాసనండి" అంది. నేనూ తిన్నాను. నిజమే. కానీ, "నెయ్యి వాసనలో కలిసిపోతుందిలే, పెళ్ళి సందట్లో ఎవరు చూస్తారు, ఎక్కించెయ్" అన్నాను. పాక నాది, మాట నాది. మిగతావాళ్ళు పెట్టెలు ఎత్తబోయారు.

ఆ పిల్ల ఆటోకు అడ్డంగా నిలబడింది. గొంతు పెంచలేదు. "వాళ్ళు చూడరండి. మనం తిన్నాం కదండీ" అంది. నా కళ్ళెదుటే పెళ్ళికూతురి తండ్రికి ఫోను చేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన అరిచిన అరుపు నాకు ఇవతలికి వినిపించింది. అంతా విని, "రేపు సాయంత్రానికి మంచివి నేనే తెచ్చి ఇస్తానండి. సగమైనా సరే, మంచివి తెస్తాను" అంది.

తర్వాత ఆ వానలో గొడుగు వేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఎవరి అటక మీద ఎండు మట్టలున్నాయో, ఎవరి గొడ్ల సావిట్లో పైన దాచుకున్నారో అడిగి, ఒక్కో మోపూ గోనెపట్టా కప్పి మోయించుకొచ్చింది. నా మీద కోపంతో మా ఇంటికి రాకపోకలు మానేసిన ఇంటికి కూడా వెళ్ళి అడిగింది. వాళ్ళూ ఇచ్చారు. మర్నాడు పొద్దుటి నుంచి మేము ఆరుగురం కుండల ముందు నుంచి లేవలేదు. సగం కాదండి, ముప్పావు వంతు అయ్యాయి. పెట్టెలు ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వెళ్ళి ఇచ్చి వచ్చింది. అక్కడ, మా పాకలో పొరపాటు జరిగిందండి అందట. మా పిన్నిగారు పంపమన్నారు అని అనలేదట. ఆ మాట పెళ్ళివారు చెబితే నాకు తెలిసింది.

చెప్పడం అయిపోయాక చూసుకుంటే నా కొంగు తడిసి ఉంది. అవతల టకటక చప్పుడు. ఆవిడ రాసుకుంటోంది.

"ఇది ఇలాగే రాయమంటారా అమ్మా? మీరు ఎక్కించెయ్ అన్న మాట కూడా వస్తుంది. కింద మీ పేరుంటుంది."

"రాయండి. అది లేకపోతే ఆ పిల్ల చేసింది ఏముందండి?"

"ఇంకొక్కటి. ఆ అమ్మాయిలో లోటు ఏంటి?"

"అందరి కోసం ఎవరినైనా అడుగుతుందండి. తన కోసం నోరు విప్పదు. నిన్న కూడా విప్పలేదు."

టకటక ఆగింది. అప్పుడు ఆవిడ తను రాసింది మొత్తం ఇంగ్లీషులో చదివి వినిపించింది, తర్వాత తెలుగులో అర్థం చెప్పింది. నా పాక, నా కుండ, తడిసిన కొబ్బరి మట్ట, పొగ, అన్నీ ఇంగ్లీషులో ఎలా ఉంటాయో ఆ రోజు విన్నాను. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఒళ్ళు జలదరించింది. మా పెరట్లో జరిగింది ఎవరికీ తెలియకుండా పోయేదే. అది మాటలై, వేరే భాషలోకి వెళ్ళి, మమ్మల్ని ఎన్నడూ చూడని మనుషుల ముందు నిలబడబోతోంది. ఫోను పెట్టేశాక కూడా చాలాసేపు ఆ గడప మీదే కూర్చుండిపోయాను.

పిల్లకు నేనేమీ చెప్పలేదు. పెద్దత్తకు కూడా చెప్పలేదు, అది నా జీవితంలో మొదటిసారి. నెల తర్వాత కంప్యూటరులో ఇంటర్వ్యూ జరిగింది. ముగ్గురు కూర్చుని ముప్పావుగంట అడిగారట. సాయంత్రం పాకకు వచ్చి నా పక్కన కూర్చుంది, చాలాసేపు నా చేతుల వంక చూస్తూ.

"పిన్నిగారూ, వాళ్ళు ఆ శ్రావణం సంగతి అడిగారండి."

నేను కుండ మీది రేకు తీస్తూనే ఉన్నాను. "ఏమని?"

"యజమానికి ఎదురు చెప్పడానికి భయం వెయ్యలేదా అన్నారు. వేసిందండి అన్నాను. మరి ఎందుకు చెప్పావు అన్నారు. ఆవిడ తనది తప్పని తెలిస్తే మాట మార్చుకునే మనిషి, అది నాకు ముందే తెలుసు అన్నానండి."

నాకు తెలియని సంగతి అది. నా గురించి నాకే.

సీటు వచ్చినట్టు కబురు ఒక మధ్యాహ్నం వచ్చింది. పిల్ల చేతుల నిండా నెయ్యి. పాత గుడ్డకు చేతులు తుడుచుకుని ఫోను చూసి, మళ్ళీ చూసి, "వచ్చిందండి" అంది. ఆరుగురం ఆ పిల్లను కొత్తగా చూస్తున్నట్టు చూశాం. మూడేళ్ళు మా మధ్యనే కూర్చుని దారం కట్టింది.

పెద్దత్త అంది. "వెళ్ళు తల్లీ. వాళ్ళు ఏం నేర్పుతారో చూసి ఫోను చెయ్యి. మంచిదైతే మేమూ చేస్తాం."

"ఆయ్, చేస్తానండి" అంది పిల్ల, ఏడుస్తూ నవ్వుతూ.

వెళ్ళే రోజు రావులపాలెంలో బస్సెక్కించాను. ఇప్పుడు అక్కడ చదువుతోంది. ఆదివారం ఫోను చేస్తుంది. ఒక్కోసారి పిండి కలుపుతూ అనుకుంటాను, ఆ కాలేజీలో ఏదో బీరువాలో ఒక కాగితం ఉంటుంది, దాని మీద నా తప్పూ, ఆ పిల్ల ఒప్పూ, కింద నా పేరూ ఉంటాయి. అక్షరాలు నేను రాయలేకపోయినా మాట నాది. అది తలుచుకుంటే ఇప్పటికీ చెయ్యి ఆగిపోతుంది.

ఇంతసేపు కూర్చుని విన్నారు, మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంట్లో పిల్లలు ఏ గుమ్మం ముందు నిలబడినా, వాళ్ళ గురించి అడిగేవాళ్ళు ఓపికగా అడగాలి, చెప్పేవాళ్ళు నిజం చెప్పాలి. మీ పొయ్యిలో ఎప్పుడూ పొడి కట్టె మండాలి, మీ గిన్నెలో అన్నం పదిమందికి సరిపోవాలి. వెళ్ళి రండి.